ఫస్ట్ బేస్ మీద మేస్త్రి

మంచుకాలం టైర్లు తీయించి వేసవి టైర్లు వేయించుకుందామని పొద్దున్నే గ్యారేజీకి వెళ్ళి కూర్చున్నాను. గోడకున్న టీవీలో నలుగురు కోట్లు తొడుక్కుని ఒకటే వాదించుకుంటున్నారు. పెద్ద బేస్‌బాల్ స్టార్ ఒకడు ఇన్నేళ్ళూ ఆడిన చోటు వదిలేసి ఫస్ట్ బేస్‌కి మారుతున్నాడట. దాంతో టీం మొత్తం ఎలా సర్దాలి, ఎవర్ని ఉంచాలి, ఎవర్ని పంపాలి అని చర్చ. అరగంట విన్నాను. వచ్చేవాడి మోకాళ్ళ గురించి మాట్లాడారు, వయసు గురించి మాట్లాడారు. ఇప్పటిదాకా ఆ ఫస్ట్ బేస్ మీద నిలబడ్డవాడు ఒకడున్నాడు కదా, వాడి గతేమిటని ఒక్కడూ అడగలేదు. వాడి ఫోటో అయినా చూపించలేదు. నాకు ఒళ్ళు మండింది. పక్క కుర్చీలో ఉన్న తెల్ల ముసలాయన, ఏంటి, ఆ టీం అభిమానివా అని అడిగాడు. కాదు, నేనూ ఫస్ట్ బేస్‌లో ఆడతానన్నాను. ఆయన నా పొట్ట వంక ఒకసారి చూసి మళ్ళీ టీవీ వైపు తిరిగాడు.

అప్పుడు గుర్తొచ్చాడు మేస్త్రి.

మేస్త్రి అతని పేరు కాదు, వృత్తి అంతకన్నా కాదు. తెనాలి మనిషి. ఇక్కడ కెనడాలో మా ఓక్‌విల్‌లోనే ఉండి, రోజూ ట్రైన్ ఎక్కి టొరంటోలో ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ పనికి వెళ్ళొచ్చేవాడు. గ్రౌండులో మనుషుల్ని నిలబెట్టే తీరు చూసి ఆ పేరు మేమే పెట్టాం. ఒక్కొక్కడి దగ్గరికీ వచ్చి, భుజాలు పట్టుకుని రెండడుగులు పక్కకి జరిపి, తను వెనక్కి వెళ్ళి ఒక కన్ను మూసి చూసి, మళ్ళీ వచ్చి ఇంకో అడుగు జరిపేవాడు. ఇటుక పెట్టి దారం పట్టి చూసుకున్నట్టే ఉండేది. మన ఇష్టాయిష్టాలతో ఆయనకి పని లేదు. ఇటుకని అడిగి గోడ కడతారా ఎవరైనా?

మేమంతా క్రికెట్ వాళ్ళం. ఊళ్ళో ఉన్న ఒక్క క్రికెట్ గ్రౌండు మాకు ఎప్పుడూ దొరికేది కాదు. బేస్‌బాల్ గ్రౌండులు మాత్రం ఆదివారం పొద్దున పూట ఖాళీగా పడి ఉండేవి. చేతిలో ఉన్నదే ఆడదామని మేస్త్రే మమ్మల్ని దించాడు. మేం ఆడేది అచ్చమైన బేస్‌బాల్ కాదు, దాని చెల్లెలు సాఫ్ట్‌బాల్. బంతి కాస్త పెద్దది, కింద నుంచి చెయ్యి ఊపి వేస్తారు. పేరుకే సాఫ్ట్, తగిలితే తెలుస్తుంది. ఊరి లీగ్‌లో చేరాం. ఆడా మగా కలిసి ఆడే లీగ్ అది.

మేస్త్రి కొట్టాడంటే బంతి కంచె దాటేది. కాని కొట్టాక బ్యాట్ అక్కడే పడేసి పరిగెత్తాలి కదా, చచ్చినా పడేసేవాడు కాదు. చంకలో పెట్టుకుని బేస్ దాకా వెళ్ళేవాడు. అంపైర్లు చెప్పీ చెప్పీ విసిగిపోయారు. ఉత్త చేతుల్తో పరిగెత్తితే దొంగలా ఉంటుందయ్యా అనేవాడు. గ్లవ్ తొడుక్కుంటే చేతికి చెప్పు వేసుకున్నట్టుందనేవాడు. ఎడమ చేతికి అది ఉన్నా, బంతి మాత్రం కుడి అరచేత్తో టపీమని అందుకునేవాడు. ఎవర్నీ మెచ్చుకున్న పాపాన పోలేదు. బాగా ఆడావని ఆయన నోటి నుంచి విన్నవాడు మా టీంలో లేడు. తిట్టకుండా ఊరుకున్నాడంటే అదే బిరుదు.

ఆయన చోటు షార్ట్‌స్టాప్. క్రికెట్‌లో పాయింట్‌లో నిలబడే మొనగాడు ఉంటాడే, ఈ ఆటలో షార్ట్‌స్టాప్ అలాంటివాడు. బంతులన్నీ అటే దూసుకొస్తాయి. వాటిని ఆపి ఫస్ట్ బేస్‌కి విసరాలి. ఆ ఫస్ట్ బేస్ అనే తెల్ల పలక మీద ఒక కాలు ఆనించి నిలబడి, బ్యాటర్ పరిగెత్తుకొచ్చేలోపు ఆ బంతిని పట్టుకునేవాణ్ణి నేను. పట్టానా, అవుట్.

నా చోటు గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. చిన్నప్పట్నుంచీ నేను లావు, పొడుగు, నెమ్మది. విజయవాడలో మా వీధి పిల్లలు టీంలు పంచుకుంటుంటే చివరికి మిగిలేవాణ్ణి. బ్యాట్లు మోసే పని నాది. ఆఫీసులోనూ మీటింగుల్లో చివరి కుర్చీయే. మా అబ్బాయి నాతో ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడి చెవుల్లో ఏవో పెట్టుకుంటాడు. అలాంటి నన్ను, పొడుగ్గా ఉన్నావు, చెయ్యి చాస్తే అందుతుంది, ఇక్కడ నిలబడవయ్యా అని నలభై రెండేళ్ళ వయసులో ఒక చోట నిలబెట్టింది మేస్త్రే. నాలుగేళ్ళు నిలబడ్డాను. ప్రతి బంతీ చివరికి నా చేతిలోకి వచ్చి ఆగేది. అందరూ నా వైపే చూసేవారు. నవ్వుకుంటే నవ్వుకోండి, ఈ దేశంలో నాది అని చెప్పుకోడానికి ఇంటి తర్వాత నాకున్నది ఆ తెల్ల పలకే.

ఆ రోజుల్లో మన పిల్లలు చదువులకని తండోపతండాలుగా దిగుతున్నారు. ఏ కాఫీ కౌంటర్ దగ్గర నిలబడ్డా అటువైపు తెలుగు మొహమే. బేస్‌మెంట్లలో ఆరుగురేసి సర్దుకునేవారు. అలా వచ్చిన పిల్లే లావణ్య. ఆర్మూరు దగ్గర పల్లె. కాలేజీ, కాఫీ షాపులో షిఫ్టులు. ఒక ఆదివారం భుజాన చిన్న సంచీతో గ్రౌండుకి వచ్చి, ఆడనిస్తారా సార్ అని అడిగింది. మా టీం వ్యవహారాలన్నీ చూసే శ్రీధర్ హైదరాబాద్ కుర్రాడు, మంచివాడే, కాని నోరు కొంచెం తొందర. నువ్వేం ఆడతావమ్మా, రైట్‌ఫీల్డ్‌లో నిలబడు, అటు బంతి రాదు అన్నాడు. ఆ పిల్ల సంచీలోంచి అరిగిపోయిన గ్లవ్ తీసి తొడుక్కుంది.

"నేను షార్ట్‌స్టాప్ సార్. మా దిక్కు స్కూళ్ళల్ల ఇదే ఆడుతరు. జిల్లాకు ఆడిన."

మేం క్రికెట్ మర్చిపోలేక తంటాలు పడుతున్న ఆటని ఆ పిల్ల నిక్కరు వేసుకునే వయసు నుంచీ ఆడుతోందన్నమాట. మేస్త్రి తన చోట్లోంచి పక్కకి జరిగి, పది బంతులు ఆడనిచ్చాడు. ఆ పిల్ల బంతిని ఆపిందీ లేదు, అందుకుందీ లేదు, తీసుకుని విసిరేసినట్టుంది అంతే. మొదటి విసురు నా గ్లవ్‌లో పడ్డప్పుడు మోచేతి దాకా జివ్వుమంది. రెండోది నా చెవి పక్క నుంచి కంచెకి వెళ్ళి తగిలింది. మేస్త్రి చేతులు కట్టుకుని ప్రాక్టీసు అయిపోయేదాకా చూశాడు.

మంగళవారం మా వాట్సాప్ గ్రూపులో ఆయన మెసేజ్ వచ్చింది. షార్ట్‌స్టాప్ ఇకమీదట లావణ్య, ఫస్ట్ బేస్‌కి నేను వస్తున్నాను. అంతే. ఉన్నవాడి ఊసు లేదు. గ్రూపులో ఎవరూ పలకలేదు, విడివిడిగా ఫోన్లు మాత్రం మోగిపోయాయి. లీగ్‌కి శుక్రవారంలోగా టీం పేర్లు పంపాలి. స్టార్ ఒక్కడు కదిలితే అందరి కాళ్ళకిందా నేల కదిలింది. ఎవరు ఎటు వెళ్ళాలో శ్రీధర్ రాత్రికి రాత్రి సర్దాడు. నన్ను ఎటూ పంపడానికి లేదు, నేను పరిగెత్తలేను కదా. నా పేరు అన్నిటికన్నా కింద, సబ్‌స్టిట్యూట్ అని.

తెల్లారి స్టేషన్ ప్లాట్‌ఫాం మీద పట్టుకున్నాను మేస్త్రిని. చలికి చేతులు జేబుల్లో పెట్టుకుని, సోంపు నములుతూ నిలబడ్డాడు.

"నన్నొక మాట అడగాలా వద్దా?" అన్నాను.

"అడిగితే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను."

"మరింకెందుకయ్యా అడగటం?"

ఆయన తాపీగా నమలడం పూర్తిచేసి, ఆ పిల్ల విసురు నువ్వు పట్టలేవు, దాని కోసం కదిలాను గాని నా సరదాకి కాదన్నాడు. పట్టగలనన్నాను. పళ్ళు కొరుక్కుంటూ అన్నాను. ట్రైన్ వస్తోంది. సరే, సాయంత్రం గ్రౌండుకి రా, అది విసురుతుంది, నువ్వు పట్టు, పడితే చోటు నీదే, నేను బెంచీ మీద కూర్చుంటా అని ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం గ్రౌండులో మేం ముగ్గురమే. సన్నటి జల్లు పడి ఆగింది. లావణ్య షిఫ్ట్ నుంచి నేరుగా వచ్చింది, ఒంటి మీద ఇంకా కాఫీ షాపు చొక్కా ఉంది. ఆ పిల్లకి సంగతి చెప్పినట్టున్నాడు, నా కళ్ళలోకి చూడటం లేదు. మేస్త్రి బంతి దొర్లించాడు, లావణ్య తీసుకుని విసిరింది. పట్టాను. మేస్త్రి వైపు చూశాను. ఇంకోటి అన్నాడు. అదీ పట్టాను, కాని వేళ్ళు తిమ్మిరెక్కాయి. మూడోది గ్లవ్ అంచుకి తగిలి ఎగిరి నా భుజం ఎముక మీద పడింది. లావణ్య పరిగెత్తుకొచ్చి, ఇక చాలంది. చాలదన్నాను. నాలుగోది వస్తుంటే నాకు బంతి పూర్తిగా కనిపించింది, నేరుగా, తెల్లగా. తర్వాత కనిపించలేదు. గ్లవ్‌కి తగిలి కింద పడింది.

మేస్త్రి దగ్గరికొచ్చి బంతి తీసుకున్నాడు. తిడతాడనుకున్నాను. మెల్లగా, నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు: "చేతులు బానే ఉన్నాయి నీకు. కళ్ళు మూస్తున్నావయ్యా."

తిట్టినా బాగుండేది. కారులో కూర్చుని చాలాసేపు స్టార్ట్ చెయ్యలేదు. భుజం నొప్పి కాదు. ఆయన చెప్పింది నిజమని నాకు తెలుసు, అదీ బాధ.

ఆ వేసవంతా బెంచీ మీద కూర్చుని చూశాను. తమాషా ఏమిటంటే ఫస్ట్ బేస్‌లో మేస్త్రి మొదట్లో నాకన్నా అధ్వానం. బంతి పట్టడానికి ఎగిరేవాడు, కాలు బేస్ మీద ఉండాలన్న సంగతి మర్చిపోయేవాడు. ఉత్త చేత్తో పట్టబోయి వేలు ఉబ్బించుకున్నాడు. షార్ట్‌స్టాప్‌లో రాజులా తిరిగినవాడు ఇక్కడ కొత్తగా బళ్ళో వేసిన పిల్లాడిలా తడబడుతుంటే, నిజం చెప్పొద్దూ, నాకు లోపల కాస్త చల్లగా ఉండేది. మా వాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు. హాయిగా నడిచే బండిని చెడగొట్టాడని, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల కోసం టీంని తలకిందులు చేశాడని. ఆయన విననట్టే ఉండేవాడు. వాళ్ళావిడ మా ఆవిడతో చెప్పి వాపోయిందట, వంటింట్లో పట్టా మీద ఒక కాలు ఆనించి, చెయ్యి చాచి చాచి గిన్నెలందుకుంటున్నాడు, ఈయనకేమన్నా పట్టిందేమోనని. నెల తిరిగేసరికి కుదురుకున్నాడు. లావణ్య విసరడం, ఆయన పట్టడం, బ్యాటర్ దారిలోనే ఆగిపోవడం. వరసగా గెలిచాం. నాకు అది మింగుడు పడలేదు.

సీజన్ చివర్లో నాకౌట్లు వచ్చాయి. రెండుసార్లు ఓడితే ఇంటికి. మొదటి ఆటలో చివరి ఇన్నింగ్స్, మేం ఒక్క రన్ ముందున్నాం. అవతలివాళ్ళకి ఒక అవుట్ అయింది, ఇంకో రెండయితే ఆట మాది. వాళ్ళ మనుషులిద్దరు రెండో బేస్ మీదా మూడో బేస్ మీదా పరుగుకి సిద్ధంగా ఉన్నారు. బెంచీ మీద ఎవరూ కూర్చుని లేరు, అందరం కంచె పట్టుకుని నిలబడ్డాం. బ్యాటర్ నేల మీదుగా గట్టిగా కొట్టాడు. లావణ్య కుడివైపు పడిపోతూ అందుకుంది. లేస్తూనే మూడో బేస్ వాడి వైపు ఒక చూపు చూసి వాణ్ణి అక్కడే ఆపింది. మోకాళ్ళ మీద నుంచే విసిరింది. అలాంటి విసురు నేను టీవీలో కూడా చూడలేదు. మేస్త్రి ఒళ్ళంతా సాగదీసి పట్టాడు, కాలు కదలలేదు. అవుట్.

ఆపైన మేస్త్రి చేసింది చూసి మాకు గుండె ఆగింది. బంతిని గాల్లోకి ఎగరేశాడు. క్యాచ్ పట్టగానే బంతిని ఆకాశానికి ఎగరేయడం మన క్రికెట్ వాళ్ళకి నెత్తుట్లో ఉంది. క్రికెట్‌లో దానివల్ల పోయేదేం లేదు. ఇక్కడ బంతి గాల్లో ఉన్నంతసేపూ ఆట నడుస్తూనే ఉంటుంది. అది రెండో అవుట్, మూడోది కాదు. మూడో బేస్ వాడు బ్యాటర్ నిలబడే పలక దాకా, దాన్నే ఇల్లంటారు, పరిగెత్తి స్కోరు సమం చేశాడు. బంతి కిందపడి దొర్లిపోతుంటే మేస్త్రి దాని వెనక పరిగెత్తాడు. ఆయన దాన్ని అందుకునేలోపు రెండో బేస్ వాడూ ఇల్లు చేరి ఇంకో రన్ తీసేశాడు. గెలిచిన ఆట పోయింది. ఆయన బంతి చేత్తో పట్టుకుని, అక్కడే, గడ్డిలో నిలబడిపోయాడు. ఆ మొహం చూశాక నాకు చల్లగా అనిపించలేదు. ఏడుపొచ్చింది.

పార్కింగ్ లాట్‌లో పంచాయితీ. ఇంకో ఆట ఉంది, వచ్చే ఆదివారం, అదీ ఓడితే అంతే సంగతులు. అందరిదీ ఒకే మాట. మేస్త్రి తన పాత చోటుకి వెళ్ళిపోవాలి, నేను నా చోటుకి, ఆ పిల్ల బెంచీకి. శ్రీధర్ ఫోన్‌లో పేర్లు మార్చడం మొదలెట్టాడు కూడా. లావణ్య కాస్త దూరంలో, సంచీ గుండెలకి పట్టుకుని నిలబడింది. షిఫ్టుకి టైమయిపోతున్నా కదలడం లేదు. ఒక్క మాట నా కోసం చెప్పండి అని అడగనూ లేదు. వేసవంతా నేను కోరుకున్నది నా కాళ్ళ దగ్గరికి వచ్చి పడింది. చెయ్యి చాస్తే చాలు.

మేస్త్రి కారు డిక్కీకి ఆనుకుని అంతా విన్నాడు.

"బంతి ఎగరేసింది నేను," అన్నాడు. "తప్పు చేసినవాడికి పాత కుర్చీ, ఒప్పు చేసిన పిల్లకి బెంచీ. ఇదెక్కడి న్యాయమయ్యా?"

న్యాయం సంగతి తర్వాత, గెలవాలి కదా అని ఎవరో అన్నారు. అప్పుడు మేస్త్రి నా వైపు తిరిగాడు. అందరి ముందూ అడిగాడు.

"నువ్వు చెప్పు. లావణ్య షార్ట్‌స్టాప్‌లో ఉంటే ఫస్ట్ బేస్‌లో నువ్వు నిలబడగలవా? గలనంటే నేను రేపట్నుంచి బెంచీ మీద కూర్చుంటా. ఇంకెవరూ మాట్లాడొద్దు."

ఆ సాయంత్రం సంగతి ఆయనకి తెలుసు, నాకు తెలుసు, ఆ పిల్లకి తెలుసు. మిగతా ఎవరికీ తెలియదు. ఆయన నోరు విప్పడు, ఆ పిల్లా విప్పదు. గలననడానికి ఒక్క మాట చాలు. నాలుక చివరి దాకా వచ్చింది. లావణ్య వైపు చూశాను. నేల చూస్తోంది.

"పట్టలేను," అన్నాను. "భయం నాకు. కళ్ళు మూసుకుపోతాయి."

నలభై ఆరేళ్ళ మనిషి నలుగురిలో అనాల్సిన మాట కాదది. ఎవరూ నవ్వలేదు. శ్రీధర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. లావణ్య నా దగ్గరికొచ్చి, అంకుల్, పోయొస్త, షిఫ్ట్ ఉంది అని మాత్రం చెప్పి పరుగెత్తింది. ఆ పై ఆదివారం మేస్త్రి సర్దిన జట్టుతోనే దిగి గెలిచాం. ఆ తర్వాతది చిత్తుగా ఓడాం, అందులో ఎవరి తప్పూ లేదు.

సీజన్ అయిపోయిన తర్వాతి శనివారం పొద్దున్నే మా ఇంటి ముందు హారన్ మోగింది. మేస్త్రి. వెనక సీట్లో బంతుల సంచీ. ఎక్కడికన్నాను. ఎక్కవయ్యా అన్నాడు. గ్రౌండుకి తీసుకెళ్ళి, నన్ను ఫస్ట్ బేస్ మీద నిలబెట్టి, దగ్గర నుంచి విసరడం మొదలెట్టాడు. మొదట మెత్తగా. కళ్ళు మూసిన ప్రతిసారీ తిట్టు. తెనాలి తిట్లు, ఇక్కడ రాయడానికి లేదు. మంచు పడేదాకా ప్రతి శనివారం ఇదే. చలికి బంతి రాయిలా తగిలేది. నాకెందుకీ శిక్ష, మీరున్నారు కదా అక్కడ అంటే, నోరు మూసుకుని కళ్ళు తెరువు అనేవాడు. చివరి రెండు వారాలూ ఒక్కసారి కూడా తిట్టలేదు. అదే పెద్ద సన్మానమని నాకు తెలుసు కాబట్టి ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పుకున్నాను. ఆవిడ నా వాచిన చెయ్యి చూసి, సన్మానం బానే జరిగిందంది.

ఫిబ్రవరిలో పోయాడు. గుండె. పొద్దున ట్రైన్‌కి బయల్దేరబోతూ మెట్ల మీద కూర్చుండిపోయాడట.

వసంతంలో మళ్ళీ పేర్లు పంపే రోజు వచ్చింది. శ్రీధర్ ఫోన్ చేసి, ఫస్ట్ బేస్‌లో మీ పేరు వేశానన్నాడు. వద్దన్నాను. చచ్చినవాడి చోట్లోకి ఎగబడి వచ్చానంటారు జనం, ఆ చోటు కోసం నేనెంత కుళ్ళుకున్నానో అందరికీ తెలుసు, ఇలా నాకు అక్కర్లేదు అన్నాను.

"ఇప్పుడు వేసింది కాదండీ," అన్నాడు శ్రీధర్. "అక్టోబర్‌లోనే వేయించారు మేస్త్రి. వచ్చే ఏడాది ఫస్ట్ బేస్‌కి మీరేనని, తనని రైట్‌ఫీల్డ్‌లోనో బెంచీ మీదో పడెయ్యమని అన్నారు. మీకు మాత్రం చెప్పొద్దన్నారు. చెబితే భయపడి శనివారాలు రావడం మానేస్తారట మీరు."

ఫోన్ పట్టుకుని వంటింట్లో నిలబడ్డాను. మా ఆవిడ ఏమైందని అడుగుతోంది. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. అంత పెద్ద మాట అనుకున్నవాడు నాతో అనకుండా ఎలా పోతాడండీ? నేను మానేస్తానని ఎలా అనుకున్నాడు? నేను మానేసేవాణ్ణి కాదు.